ఇంటర్ తర్వాత విదేశాల్లో ఎంబీబీఎస్: హైదరాబాద్ కుటుంబాలకు దశలవారీ సమగ్ర మార్గదర్శి

నీట్ ఫలితాలు వచ్చిన వారం నుంచే బైపీసీ పిల్లలున్న ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, హిమాయత్‌నగర్ కన్సల్టెన్సీల నుంచి, "సార్, పాపకు సీటు కన్ఫర్మ్, ఈ వారంలో అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ ఉంది" అంటూ. సీటు రావడం నిజంగానే తేలిక. నీట్‌లో క్వాలిఫై అయి, ఇంటర్ సైన్సు సబ్జెక్టుల్లో సగం మార్కులు ఉంటే చాలా యూనివర్సిటీలు పిలిచి మరీ ఇస్తాయి. అసలు కష్టం ఆరేళ్ల తర్వాత వస్తుంది. ఆ డిగ్రీ పట్టుకుని తిరిగొచ్చాక ఇక్కడ డాక్టరుగా రిజిస్టర్ కావాలి.

అందుకే ఈ దారిని చివరి నుంచి మొదటికి చదవండి. కోఠిలోని తెలంగాణ మెడికల్ కౌన్సిల్ మీ పిల్లల పేరు రిజిస్టర్‌లోకి ఎక్కించాలంటే ఏమేం అడుగుతుందో ముందు తెలుసుకోండి. అవన్నీ ఇవ్వగలిగే యూనివర్సిటీని ఆ తర్వాత వెతకండి. చాలామంది దేశం, ఫీజు, హాస్టల్లో ఇండియన్ మెస్ చూసుకుని బయల్దేరతారు. రూల్స్ సంగతి ఐదో సంవత్సరంలో తెలుస్తుంది. అప్పటికి వెనక్కి తిరిగే వీలుండదు.

మొదటి అడుగు: వెళ్లడం అవసరమా?

ఈ ప్రశ్న మీద కనీసం రెండు వారాలు కూర్చోండి. తెలంగాణలో ప్రభుత్వ సీటు వస్తే ట్యూషన్ ఫీజు ఏడాదికి సుమారు 10 వేలు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటా, అంటే ఎ కేటగిరీ సీటైతే 60 వేలు. బి కేటగిరీకి ఏడాదికి సుమారు 11.5 నుంచి 13 లక్షలు. నాలుగున్నరేళ్లకు లెక్కేస్తే ట్యూషన్ ఒక్కటే 50 లక్షలు దాటుతుంది. సి కేటగిరీ, అంటే ఎన్ఆర్ఐ కోటా, ఇంకా ఎక్కువ. రష్యా, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ లాంటి చోట్ల ట్యూషన్, హాస్టల్ కలిపి ఆరేళ్లకు 20 నుంచి 40 లక్షల దాకా అవుతుందని చెబుతారు. మధ్యతరగతి కుటుంబాలను లాగేది ఈ తేడాయే.

కన్వీనర్ కోటా కటాఫ్‌కు కొద్ది మార్కుల దూరంలో ఆగిన పిల్లలైతే ఒక ఏడాది లాంగ్ టర్మ్ చేయించడమే మేలని నా గట్టి అభిప్రాయం. బంధువుల పిల్లలు ముందుకెళ్లిపోతున్నారన్న టెన్షన్‌తో ఆ ఏడాదిని వద్దనుకుంటారు. కానీ విదేశాల్లో చదివినవాళ్లకు తిరిగొచ్చాక అర్హత పరీక్షకు, ఇంటర్న్‌షిప్ సీటుకు పట్టే సమయం ఏడాదికి ఏమాత్రం తగ్గదు. రెండుసార్లు రాసినా స్కోరు 200 దగ్గరే ఆగిపోతుంటే మాత్రం ఇంకో మాట మాట్లాడుకోవాలి. ఫిజిక్స్ రానందువల్ల మార్కులు తగ్గాయా, బయాలజీలోనే ఆసక్తి లేదా? రెండోదైతే ఏ దేశం పంపినా ఫలితం మారదు.

వెళ్లాలని నిర్ణయించుకున్నా, వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కు తప్పకుండా రిజిస్టర్ చేసుకోండి. చిక్కేమిటంటే, విదేశాల్లో క్లాసులు చాలాచోట్ల సెప్టెంబరులో మొదలవుతాయి, ఇక్కడి రౌండ్లు అప్పటికి ముగియవు. కాబట్టి కన్సల్టెన్సీకి ఒక్క రూపాయి కట్టేముందే అడగండి: ఇక్కడ సీటొస్తే మా డబ్బులో ఎంత వెనక్కి ఇస్తారు? జవాబు కాగితం మీద ఉండాలి.

రెండో అడుగు: మన దేశం పెట్టిన రూల్స్

వీటిని తల్లిదండ్రులు ఇద్దరూ చదవాలి, పిల్లలు కూడా చదవాలి.

నీట్ తప్పనిసరి. విదేశాల్లో ఎంబీబీఎస్ చదివి ఇక్కడ ప్రాక్టీస్ చేయాలనుకునే భారతీయులు నీట్ క్వాలిఫై కావాలన్న నిబంధన 2018లో వచ్చింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. "ముందు జాయిన్ అవ్వండి, నీట్ తర్వాత రాసుకోవచ్చు" అని ఎవరైనా అంటే ఆ ఆఫీసులోంచి లేచి వచ్చేయండి. క్వాలిఫై అంటే జనరల్‌కు 50వ పర్సెంటైల్, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40వ పర్సెంటైల్. 2025లో ఇవి 720కి 144, 113 మార్కుల దగ్గర ఆగాయి. విదేశాలకు వెళ్లేవాళ్లకు ఈ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

తర్వాతిది దేశంలో వైద్య విద్యను నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబరు 18న తెచ్చిన ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్ లైసెన్షియేట్ రెగ్యులేషన్స్. ఆ తేదీ తర్వాత చేరిన ప్రతి ఒక్కరికీ ఇవి వర్తిస్తాయి. వాటి సారం ఇది. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. బోధన ఇంగ్లిష్‌లో జరగాలి. కోర్సు మొత్తం ఒకే యూనివర్సిటీలో పూర్తి చేయాలి, మధ్యలో ఇంకోచోటికి మారడానికి వీల్లేదు. అదే విదేశీ సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగొచ్చాక ఇండియాలో మరో 12 నెలలు చేయాలి. చేరిన రోజు నుంచి పదేళ్లలోపు చదువు ముగియాలి. చివరిది, అందరూ దాటేసేది: ఆ దేశంలో అక్కడి పౌరులకు ఇచ్చేదానితో సమానమైన ప్రాక్టీస్ లైసెన్సుకు మీరు అర్హులై, అక్కడి కౌన్సిల్‌లో రిజిస్టర్ కాగలగాలి.

ఈ చివరి షరతు దగ్గర కొంచెం ఆగాలి. కొన్ని దేశాల్లో విదేశీ విద్యార్థికి డిగ్రీ ఇస్తారు గానీ వైద్యం చేసే హక్కు సొంత పౌరులకే పరిమితం చేస్తారు. ఇంకొన్ని చోట్ల డిగ్రీ అయ్యాక పీజీ శిక్షణ పూర్తయితే తప్ప ఎవరికీ స్వతంత్ర లైసెన్సు రాదు. "మీ దేశంలో నేను డాక్టరుగా పని చేయవచ్చా, ఏ పరీక్ష రాయాలి, ఆ కాగితం ఎవరిస్తారు?" అన్న ప్రశ్నకు యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా జవాబు రాకపోతే ఆ యూనివర్సిటీని జాబితాలోంచి తీసేయండి.

ఆపైన, తిరిగొచ్చాక ఇక్కడ రాయాల్సిన అర్హత పరీక్ష. దాని పేరు ఎఫ్ఎంజీఈ, అంటే ఫారిన్ మెడికల్ గ్రాడ్యుయేట్ ఎగ్జామినేషన్. నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఏడాదికి రెండుసార్లు, జూన్ విడతగా, డిసెంబరు విడతగా పెడుతుంది. మొత్తం 300 ప్రశ్నలు, రెండు భాగాలు, ఒక్కో భాగానికి రెండున్నర గంటలు. నెగెటివ్ మార్కులు లేవు, 150 వస్తే పాస్. వినడానికి సులువుగానే ఉంటుంది. 2024 జూన్ విడతలో రాసినవాళ్లలో దాదాపు 21 శాతమే పాసయ్యారు. దీని స్థానంలో నెక్స్ట్ (నేషనల్ ఎగ్జిట్ టెస్ట్) అనే పరీక్ష తేవాలన్నది ప్రభుత్వ ఆలోచన. ఈ ఏడాది చేరేవాళ్లు ఆరేళ్ల తర్వాత ఏ పరీక్ష రాసినా, చదవాల్సింది అనాటమీ నుంచి పీడియాట్రిక్స్ దాకా అన్ని సబ్జెక్టులే.

పాసయ్యాక హౌస్ సర్జన్సీ. మెడికల్ కాలేజీల్లో విదేశీ గ్రాడ్యుయేట్లకు ఇచ్చే ఇంటర్న్‌షిప్ స్థానాలు మొత్తం సీట్లలో 7.5 శాతానికి పరిమితం. కాబట్టి ఇక్కడ కూడా వరుసలో నిలబడాల్సి రావచ్చు. అన్నీ కలిపితే 18 ఏళ్లకు బయల్దేరిన అమ్మాయి పర్మనెంట్ రిజిస్ట్రేషన్ అందుకునేసరికి మామూలుగా 26 వస్తాయి. ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలియాలి, ముఖ్యంగా అప్పు తీర్చే బాధ్యత ఉన్నవాళ్లకు.

మూడో అడుగు: దేశం ఎంచుకోవడం

రష్యా: ఆరేళ్ల కోర్సు, పాత ప్రభుత్వ యూనివర్సిటీలు, పెద్ద ఆసుపత్రులు. ఇబ్బంది భాషతో. మొదటి రెండేళ్లు క్లాసులు ఇంగ్లిష్‌లో ఉన్నా, మూడో ఏడాది నుంచి వార్డులో రోగి మాట్లాడేది రష్యనే. కొన్నిచోట్ల బోధన కూడా మధ్యలో రష్యన్‌కు మారుతుంది. అలా మారితే మన ఇంగ్లిష్ మీడియం నిబంధన దగ్గర ఇబ్బంది. డిగ్రీ చేతికొచ్చాక అక్కడ ప్రాక్టీసుకు అక్రెడిటేషన్ పరీక్ష వేరే ఉంటుంది. దాని గురించి మొదటి ఏడాదిలోనే అడిగి పెట్టుకోవాలి.

జార్జియా: మన పిల్లలు పెద్ద సంఖ్యలో వెళుతున్నారు. ఫీజు రష్యా కంటే ఎక్కువ. పైన చెప్పిన లైసెన్సు ప్రశ్నను ఇక్కడ రెండింతల జాగ్రత్తగా అడగండి.

కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్: ఫీజు తక్కువ, ప్రయాణం తక్కువ. కాలేజీకీ కాలేజీకీ నాణ్యతలో తేడా చాలా ఎక్కువ. ఒకే నగరంలో 80 ఏళ్ల ప్రభుత్వ అకాడమీ, నిన్నగాక మొన్న తెరిచిన ప్రైవేటు కాలేజీ రెండూ ఉంటాయి, బ్రోచర్లు మాత్రం ఒకేలా ఉంటాయి. కోర్సు ఐదేళ్లని చెబితే ఇంటర్న్‌షిప్ ఎక్కడ, ఎన్ని నెలలని అడగాలి. "ఇంటర్న్‌షిప్ ఇండియాలో చేసుకోవచ్చు" అంటే ఆ జవాబు మన నిబంధనలకు సరిపోదు, అక్కడి 12 నెలలు అక్కడే కావాలి.

ఫిలిప్పీన్స్: ఒకప్పుడు హైదరాబాద్ నుంచి బాగా వెళ్లేవారు. అక్కడ ముందు బీఎస్ అనే మామూలు డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల ఎండీ, అంటే అక్కడి వైద్య డిగ్రీ. బీఎస్‌ను ఎంబీబీఎస్‌లో భాగంగా లెక్కించబోమని కమిషన్ 2022లో స్పష్టం చేసింది. నాలుగేళ్లంటే 48 నెలలు, కావాల్సింది 54. ఈ లెక్కను ఎలా పూరిస్తున్నారో కాగితం మీద చూపించకపోతే వద్దు.

చైనా: ఇంగ్లిష్‌లో ఎంబీబీఎస్ చెప్పడానికి అక్కడి విద్యాశాఖ అనుమతించిన యూనివర్సిటీలు 45. మీకు చెప్పిన పేరు అందులో ఉందో లేదో చూడండి. 2020 నుంచి రెండేళ్లకు పైగా సరిహద్దులు మూసేసినప్పుడు మన పిల్లలు ఇళ్లలో కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు విన్నారు. ఆన్‌లైన్‌లో చదివిన మెడిసిన్‌ను మన కమిషన్ పూర్తి చదువుగా ఒప్పుకోకపోవడంతో, తిరిగొచ్చాక వాళ్లకు అదనపు శిక్షణ తప్పలేదు.

ఈ సందర్భంలో ఒక మాట. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం, 2024 మేలో కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద దాడులు, అదే ఏడాది జులైలో బంగ్లాదేశ్‌లో అల్లర్లు. మూడు చోట్లా మన పిల్లలు ఉన్నారు. పొరుగు దేశాలతో గొడవలున్నాయా, అక్కడ మన ఎంబసీ ఎక్కడ ఉంది, మీరు చూసిన నగరం దానికి ఎంత దూరం అన్నవి కూడా ఫీజుతో సమానంగా చూడాల్సిన విషయాలు.

అమెరికా, కెనడాల్లో ఇంటర్ తర్వాత నేరుగా మెడిసిన్ సాధారణంగా ఉండదు. అమెరికాలో ముందు నాలుగేళ్ల డిగ్రీ, తర్వాత ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష. "అమెరికా ఎంబీబీఎస్" అని అమ్మేది ఎక్కువగా కరీబియన్ దీవుల కాలేజీలనే. బ్రిటన్‌లో నేరుగా వెళ్లొచ్చు గానీ యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి, అక్కడి యూనివర్సిటీల ఉమ్మడి దరఖాస్తు వ్యవస్థ యూకాస్‌లో గడువు ముందు ఏడాది అక్టోబరు 15, అంటే ఇంటర్ సెకండియర్ సగంలో ఉండగానే. ఫీజు చాలా ఎక్కువ. ఇటలీ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇంగ్లిష్ మెడిసిన్‌కు ఐమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. 60 ప్రశ్నలు, 100 నిమిషాలు. ఫీజు కుటుంబ ఆదాయాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బాగా చదివే మధ్యతరగతి పిల్లలు దీన్ని తప్పకుండా చూడాలి. అయితే అక్కడి ప్రాక్టికల్ శిక్షణ డిగ్రీలోనే కలిసి ఉంటుంది, మన 12 నెలల ఇంటర్న్‌షిప్ షరతుకు అది ఎలా సరిపోతుందో ముందే అడగాలి. జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు ఫీజు దాదాపు తీసుకోవు, కానీ చదువు జర్మన్‌లో. అక్కడే స్థిరపడాలనుకునేవాళ్లకు అది మంచి దారి, తిరిగి రావాలనుకుంటే ఇంగ్లిష్ మీడియం నిబంధన అడ్డొస్తుంది.

నాలుగో అడుగు: యూనివర్సిటీని పరీక్షించడం

"ఎన్ఎంసీ అప్రూవ్డ్", అంటే నేషనల్ మెడికల్ కమిషన్ ఆమోదించింది అన్న బోర్డు నగరంలో చాలా చోట్ల కనిపిస్తుంది. విదేశీ మెడికల్ కాలేజీలకు కమిషన్ ఎలాంటి ఆమోదమూ ఇవ్వదు, ఆమోదించిన జాబితా అంటూ ఏదీ లేదు. వరల్డ్ డైరెక్టరీ ఆఫ్ మెడికల్ స్కూల్స్‌లో పేరు ఉండటం అవసరమే. అది కాలేజీ ఉందని చెబుతుంది, మంచిదని చెప్పదు. రేపు అమెరికా వైపు వెళ్లే ఆలోచన ఉంటే అదే డైరెక్టరీలో ఆ కాలేజీ పేజీలో స్పాన్సర్ నోట్స్ అన్న భాగం తెరిచి, విదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హతలను అమెరికాలో పరిశీలించే ఈసీఎఫ్ఎంజీ ఏం రాసిందో చూడండి.

అన్నిటికంటే పనికొచ్చే కాగితం ఉచితంగా దొరుకుతుంది. ఎఫ్ఎంజీఈలో ఏ దేశం, ఏ యూనివర్సిటీ నుంచి ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు అన్న వివరాలు నేషనల్ బోర్డ్ ప్రచురిస్తుంది. అందులో మీ యూనివర్సిటీ వరుస వెతకండి. ఐదుగురు రాసి ముగ్గురు పాసైతే 60 శాతం అని బ్రోచర్లో వేసుకుంటారు, దానికి విలువ లేదు. 200 మంది రాసి 70 మంది పాసైతే అది నిజంగా చెప్పుకోదగ్గ ఫలితం. వీలైనన్ని విడతలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క విడత చూసి నిర్ణయించుకోకండి.

తర్వాత యూనివర్సిటీ అంతర్జాతీయ విభాగానికి విద్యార్థి పేరుతో నేరుగా మెయిల్ రాయండి. చిరునామా యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్ నుంచి తీసుకోండి, కన్సల్టెన్సీ ఇచ్చిన జీమెయిల్ వద్దు. అడగాల్సినవి: కోర్సు మొత్తం ఎన్ని నెలలు, అందులో తరగతులు ఎన్ని, ఇంటర్న్‌షిప్ ఎన్ని, ఆరేళ్లూ ఇంగ్లిష్‌లోనేనా, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, అక్కడ ఎన్ని పడకలు, లైసెన్సు ఎవరిస్తారు, ఏడాదివారీ ఫీజు ఎంత, మధ్యలో పెరుగుతుందా. వచ్చిన మెయిల్‌ను ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టండి.

సీనియర్లతో మాట్లాడేటప్పుడూ జాగ్రత్త. కన్సల్టెన్సీ కలిపిచ్చే సీనియర్‌కు అడ్మిషన్‌కు ఇంత అని కమిషన్ ఉండొచ్చు. నాలుగు, ఐదు సంవత్సరాల్లో ఉన్నవాళ్లను మీ జూనియర్ కాలేజీ లెక్చరర్ల ద్వారానో, తెలిసిన డాక్టర్ల ద్వారానో పట్టుకోండి. "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. "పోయిన వారం వార్డులో ఎన్ని గంటలు ఉన్నావు? రోగిని నువ్వే పరీక్ష చేశావా? ఏ భాషలో మాట్లాడావు?" అని అడగండి. అక్కడ చదివి వచ్చి ఇక్కడ ఎఫ్ఎంజీఈ కోచింగ్ తీసుకుంటున్నవాళ్లు దొరికితే ఇంకా మంచిది. వాళ్లు దాచుకోవాల్సింది ఏమీ ఉండదు.

ఐదో అడుగు: కన్సల్టెన్సీతో వ్యవహారం

కన్సల్టెన్సీ లేకుండానూ దరఖాస్తు చేయవచ్చు. అయినా అనువాదాలు, ఇన్విటేషన్ లెటర్, మొదటి ప్రయాణం వంటి పనులకు చాలామంది వాళ్ల సాయం తీసుకుంటారు, అందులో తప్పేమీ లేదు. మంచివాళ్లూ ఉన్నారు. మీ వైపు నుంచి నాలుగు గీతలు గీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర వదలొద్దు, అపోస్టిల్‌కు (విదేశాంగ శాఖ ధ్రువీకరణ ముద్రకు) ఇచ్చినా రశీదు తీసుకోండి. ట్యూషన్ ఫీజు మీ బ్యాంకు నుంచి నేరుగా యూనివర్సిటీ ఖాతాకు వెళ్లాలి, నగదు ఇవ్వొద్దు. వాళ్ల సర్వీస్ ఛార్జి ఎంత, దేనికి అన్నది అగ్రిమెంట్‌లో ఉండాలి. వీసా రాకపోతే ఏం తిరిగిస్తారో కూడా అందులోనే ఉండాలి.

చేతికొచ్చిన అడ్మిషన్ లెటర్ నిజమైనదో కాదో యూనివర్సిటీకే పంపి అడగండి. దానికో మెయిల్ సరిపోతుంది.

ఆరో అడుగు: కాగితాలు

మన తెలుగు ఇళ్లలో ఎక్కువ తలనొప్పి పేరుతోనే. పదో తరగతి మెమోలో ఇంటి పేరు ముందు, అసలు పేరు తర్వాత ఉంటుంది. ఆధార్‌లో ఇంటి పేరు ఒక్క అక్షరమే. పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ వేరు వేరు గడులు. విదేశీ యూనివర్సిటీ పాస్‌పోర్టు చూసి డిగ్రీ మీద పేరు రాస్తుంది. ఆరేళ్ల తర్వాత డిగ్రీ ఒక పేరుతో, ఇంటర్ మెమో ఇంకో పేరుతో ఉంటే ఎఫ్ఎంజీఈ దరఖాస్తు దగ్గరే ఆపేస్తారు. పదో తరగతి మెమోను ప్రామాణికంగా పెట్టుకుని, స్పెల్లింగ్‌తో సహా ఆధార్, నీట్ దరఖాస్తు, పాస్‌పోర్టు అన్నీ దానికి సరిపోయేలా చూసుకోండి. తండ్రి పేరు, తల్లి పేరు కూడా అలాగే. మెమోలోనే తప్పుంటే ముందు దాన్ని దిద్దించుకోవాలి. దానికి నెలలు పడుతుంది కాబట్టి ఇంటర్ ఫస్టియర్‌లోనే చూసుకోవాలి.

పాస్‌పోర్టు కూడా ఫస్టియర్‌లోనే తీసుకోవడం మంచిది. 15 నుంచి 18 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు పదేళ్ల పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయవచ్చు, 36 పేజీలకు 1500 రూపాయలు. పదేళ్లదే తీసుకోండి, చదువు మధ్యలో రెన్యువల్ గొడవ ఉండదు.

మిగతావి: పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, బోనఫైడ్, జనన ధ్రువీకరణ పత్రం, నీట్ స్కోర్ కార్డు, మెడికల్ ఫిట్‌నెస్, చాలా దేశాలకు హెచ్ఐవీ పరీక్ష రిపోర్టు, కొన్నిటికి పోలీస్ క్లియరెన్స్. ఇది పాస్‌పోర్ట్ సేవా పోర్టల్ ద్వారానే వస్తుంది. ఫొటోలు ఎక్కువే తీయించుకోండి.

అపోస్టిల్ అంటే మన సర్టిఫికెట్ నిజమైనదని విదేశాంగ శాఖ వేసే ముద్ర. 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో చాలా వరకు దీన్ని ఒప్పుకుంటాయి. ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ. శాఖ నేరుగా వ్యక్తుల దగ్గర తీసుకోదు, తాను నియమించిన ఏజెన్సీల ద్వారా తీసుకుంటుంది. ప్రభుత్వ ఫీజు ఒక్కో కాగితానికి 50 రూపాయలే, మిగతాదంతా ఏజెన్సీ ఛార్జి. కాబట్టి వేలల్లో అడిగితే ఇంకో చోట కనుక్కోండి.

ఏడో అడుగు: డబ్బు

బ్రోచర్లో రాసే మొత్తంలో ఏమేం ఉండవో ముందు రాసుకోండి. ఏటా వీసా రెన్యువల్, ఇన్సూరెన్స్, రెండేళ్లకోసారైనా ఇంటికి రావడానికి విమానం, చలి బట్టలు, నెలనెలా తిండి ఖర్చు, తిరిగొచ్చాక ఎఫ్ఎంజీఈ కోచింగ్, ఆ సమయంలో హైదరాబాద్‌లో హాస్టల్. దీనికి తోడు డాలరు. 2019లో 70 రూపాయల చుట్టూ ఉన్నది 2025 చివరికి 90 దాటింది. 4 వేల డాలర్ల ఫీజు అప్పుడు 2 లక్షల 80 వేలైతే ఇప్పుడు 3 లక్షల 60 వేలు. యూనివర్సిటీ ఒక్క డాలరు పెంచకపోయినా మీకు పెరిగింది. కాబట్టి చెప్పిన మొత్తానికి కనీసం నాలుగో వంతు అదనంగా వేసుకుని, అది మోయగలమా అని చూడండి.

ఇంకో విషయం చాలామందికి తెలియక ఆశలు పెట్టుకుంటారు. తెలంగాణ ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలు, అంబేడ్కర్ పేరుతో ఉన్నదైనా, జ్యోతిబా ఫులే పేరుతో ఉన్నదైనా, పీజీ, పీహెచ్‌డీ చదువులకు ఉద్దేశించినవి. ఇంటర్ తర్వాత ఎంబీబీఎస్‌కు వాటిని లెక్కలోకి తీసుకోకండి.

బ్యాంకు లోన్ కోసం విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టవచ్చు. పెద్ద మొత్తమైతే తాకట్టు అడుగుతారు. ఇల్లు, ఫ్లాట్, ఫిక్స్‌డ్ డిపాజిట్ నడుస్తాయి, వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తీసుకోవు. ఊళ్లో ఎకరాలున్నాయన్న ధైర్యంతో వచ్చినవాళ్లు ఇక్కడే ఇబ్బంది పడతారు, అందుకే జూన్ దాకా ఆగకుండా మార్చిలోనే బ్రాంచికి వెళ్లి మాట్లాడండి. కట్టే వడ్డీకి ఎనిమిదేళ్ల దాకా పన్ను మినహాయింపు కోరవచ్చు. అది పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకు విద్యారుణం డబ్బు పంపితే టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) లేదు. సొంత డబ్బయితే ఏడాదికి 10 లక్షలు దాటిన దాని మీద టీసీఎస్ పడుతుంది, అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది. ఎవరి ఖాతా నుంచి పంపుతారో వాళ్ల పాన్ మీదే పడుతుంది కాబట్టి, రిటర్న్ వేసేవాళ్ల ఖాతా నుంచే పంపండి.

ఎనిమిదో అడుగు: వీసా, ప్రయాణం

దేశాన్ని బట్టి వీసా మారుతుంది. రష్యాకు యూనివర్సిటీ తెప్పించే అధికారిక ఇన్విటేషన్ రావాలి, దానికే వారాలు పడుతుంది. చైనాకు యూనివర్సిటీ పంపే జేడబ్ల్యూ 202 ఫారం, ఎక్స్ 1 అనే విద్యార్థి వీసా. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ప్రయాణంలో అడ్మిషన్ లెటర్, అపోస్టిల్ వేసిన కాగితాలు చేతి సంచిలోనే ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దు. మందులు తీసుకెళితే డాక్టరు చీటీతో తీసుకెళ్లండి.

వెళ్లేముందు రెండు నెలలు ఆ దేశ భాష నేర్చుకోవడం మొదలుపెట్టండి. లిపి చదవడం, అంకెలు, "ఎక్కడ నొప్పి? ఎప్పటి నుంచి?" లాంటి ప్రశ్నలు. వార్డులో రోగి దగ్గర నిలబడినప్పుడు మాట రాని విద్యార్థిని ఎవరూ ముందుకు పిలవరు.

తొమ్మిదో అడుగు: చేరిన తర్వాత

దిగిన వారంలో విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో విద్యార్థిగా నమోదు చేసుకోవాలి. స్థానిక నివాస రిజిస్ట్రేషన్ గడువు దాటనివ్వొద్దు.

మొదటి ఏడాది నుంచే ఎఫ్ఎంజీఈ సిలబస్‌కు సమాంతరంగా చదవాలి. అక్కడి పరీక్షలు చాలా వరకు మౌఖికం, ఇక్కడిది ఎంసీక్యూ. ఏ సబ్జెక్టు అక్కడ పూర్తయితే ఆ సెలవుల్లోనే మన పుస్తకాల్లో దాన్ని ముగించి ప్రశ్నలు సాధన చేసేవాళ్లకు చివర్లో భారం తగ్గుతుంది. అన్నీ ఆరో ఏడాదికి వదిలేసినవాళ్లే రెండు మూడు విడతలు రాయాల్సి వస్తోంది. ప్రతి సెమిస్టర్ తర్వాత తల్లిదండ్రులు మార్కుల పత్రం అడగండి, మాట మీద వదిలేయకండి.

ఇంట్లో ఒక ఫైల్ పెట్టి ఆరేళ్లూ కాపాడండి. ఫీజు రశీదులు, ఏడాదివారీ ట్రాన్స్‌క్రిప్టులు, హాజరు పత్రాలు, ఇంటర్న్‌షిప్‌లో ఏ విభాగంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చేశారో ఆసుపత్రి సంతకంతో ఉన్న లాగ్‌బుక్. పాస్‌పోర్టు మీద రాకపోకల ముద్రలు కూడా ముఖ్యమే. విద్యార్థి నిజంగా ఆ దేశంలో ఉండే చదివాడా అని మెడికల్ కౌన్సిల్ ఆ తేదీలు లెక్కేస్తుంది. కాబట్టి గడువు తీరిన పాస్‌పోర్టును కూడా పారేయొద్దు. కోర్సు ముగియగానే డిగ్రీకి అక్కడి మన ఎంబసీ ధ్రువీకరణ గానీ అపోస్టిల్ గానీ చేయించుకునే విమానం ఎక్కాలి. అది లేకుండా వచ్చేస్తే ఎఫ్ఎంజీఈ దరఖాస్తు కోసం మళ్లీ అంత దూరం కాగితాలు పంపాల్సి వస్తుంది.